ఎల్లా వాట్సన్ ఇంటిదాకా

1942లో నల్లజాతి యువకుడు గోర్డన్ పార్క్స్ వాషింగ్టన్‌లో ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా చేరగానే, పై అధికారి రాయ్ స్ట్రైకర్ ఆయన కెమెరాలు బీరువాలో పెట్టించారు. ఊళ్లోకి వెళ్లి కోటు కొనుక్కో, ఏదైనా తిను, సినిమా చూసి రా అన్నారు. బట్టల కొట్లో గుమాస్తాలు పట్టించుకోలేదు. తినేచోట వెనక గుమ్మం చూపించారు. సినిమా హాల్లో టికెట్టే ఇవ్వలేదు.

వివక్ష పార్క్స్‌కి చిన్నప్పటినుంచీ తెలుసు. 1912లో కాన్సస్‌లోని ఫోర్ట్ స్కాట్‌లో పదిహేనుమంది పిల్లల్లో ఆఖరివాడిగా పుట్టారు. రైలు భోజనశాలలో వెయిటరుగా ఉండగా ఎవరో వదిలేసిన పత్రికలో వలస కూలీల ఫొటోలు చూశారు. తాకట్టు కొట్టులో కెమెరా కొని, సొంతంగా పని నేర్చుకున్నారు.

ఊళ్లోంచి మండిపడుతూ తిరిగొచ్చిన పార్క్స్‌ని, ఆఫీసు ఊడ్చే ఆవిడతో మాట్లాడమన్నారు స్ట్రైకర్. ఆమె ఎల్లా వాట్సన్. తండ్రిని మూక చంపేసింది. భర్త తుపాకి దెబ్బకు పోయాడు. కూతురూ పోయింది, మనవల్ని తనే సాకుతోంది. జీతం ఏడాదికి 1,080 డాలర్లు. పార్క్స్ ఆమెను జాతీయ జెండా ముందు నిలబెట్టారు, ఒక పక్క చీపురు, ఇంకోపక్క మాప్. గ్రాంట్ వుడ్ 1930లో వేసిన ‘అమెరికన్ గాథిక్’ చిత్రంలో పంగలకర్ర పట్టుకున్న రైతు ఉంటాడే, అదే తీరు, అదే పేరు. అది చూసి, అందరి ఉద్యోగాలూ ఊడతాయని కంగారుపడ్డారు స్ట్రైకర్.

లోకానికి బాగా తెలిసింది ఆ ఒక్క ఫొటోనే. కానీ పార్క్స్ అక్కడ ఆగలేదు. ఆమె వెంట ఇంటికి వెళ్లారు, చర్చికి వెళ్లారు. వంటగదిలో భోంచేస్తున్న మనవల్నీ, అద్దం బల్ల మీద అమర్చుకున్న దేవుడి బొమ్మల్నీ తీశారు. ఊడ్చే మనిషి అక్కడ ఇంటి పెద్దగా, అమ్మమ్మగా కనిపిస్తుంది. పార్క్స్ నేర్పు నాకు ఈ ఫొటోల్లోనే ఎక్కువ కనిపిస్తుంది.

‘లైఫ్’ పత్రిక సిబ్బందిలో తొలి నల్లజాతి ఫొటోగ్రాఫర్ అయ్యాక కూడా ఆయన పద్ధతి మారలేదు. 1956లో అలబామా వెళ్లి ఒక కుటుంబం రోజువారీ బతుకును రంగుల్లో తీశారు. వాటిలో ఒక ఫొటో: లేత నీలం గౌనులో ఒక యువతి, పక్కన చక్కగా ముస్తాబైన చిన్నపిల్ల, నెత్తిమీద నల్లవాళ్ల ద్వారం అని వెలిగే నియాన్ బోర్డు. ఆ ఫొటోలతో ‘లైఫ్’లో వచ్చిన కథనంలో నోరువిప్పిన ఒక టీచరమ్మ ఉద్యోగం పోగొట్టుకుంది, ఆమె కుటుంబం ఊరే విడిచిపోవాల్సి వచ్చింది. ఆ ఫొటోల వెనక అంత మూల్యం ఉంది.

తర్వాత సినిమాలూ తీశారు పార్క్స్. 2006లో కన్నుమూశారు. ఎల్లా వాట్సన్ ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. జెండా దగ్గర ఆగిపోకండి, ఆమె వంటగదిదాకా వెళ్లి చూడండి.