గిన్నెలో రెండు పేర్లు

2018 జనవరి 4, గురువారం. అమెరికా తూర్పు తీరం మంచు తుఫానులో చిక్కుకుని ఉంది. వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో ఎన్నికల బోర్డు సభ్యులు ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. బల్ల మీద నీలం, తెలుపు రంగుల పింగాణీ గిన్నె. స్టీవెన్ గ్లాస్ అనే కళాకారుడు చేసిన ఆ గిన్నెను రాష్ట్ర లలితకళల మ్యూజియం నుంచి తెప్పించారు. దాని పక్కన ఫిల్మ్ రీలు డబ్బీలు రెండు. కెమెరాల్లో రీళ్లు వేసుకునే రోజుల్లో మన ఇళ్లల్లోనూ ఉండేవే.

రెండు కాగితాల మీద రెండు పేర్లు. ఒక్కో కాగితం ఒక్కో డబ్బీలోకి వెళ్లింది, డబ్బీలు రెండూ గిన్నెలోకి వెళ్లాయి. ఎదురుగా కెమెరాల వరుస. ఆ పేర్లలో ఒకటి తనదైన షెల్లీ సైమండ్స్ కుటుంబంతో వచ్చి కూర్చుంది. రెండో పేరు గల డేవిడ్ యాన్సీ రాలేదు.

బోర్డు అధ్యక్షుడు జేమ్స్ ఆల్కార్న్ గిన్నెలో చెయ్యి పెట్టాడు.

ఇరవై మూడు వేల మందికి పైగా వేసిన ఓట్లు చివరికి ఆ రెండు డబ్బీల దగ్గరికి ఎలా చేరాయో తెలియాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్లాలి.

న్యూపోర్ట్ న్యూస్ జేమ్స్ నది ఒడ్డున ఉన్న ఓడల ఊరు. అమెరికా నౌకాదళానికి అణుశక్తితో నడిచే విమాన వాహక నౌకలు తయారయ్యేది అక్కడి షిప్‌యార్డులోనే. రాష్ట్ర శాసనసభ దిగువ సభకు, అంటే హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కు, ఉన్న వంద స్థానాల్లో 94వది అప్పట్లో ఆ ఊళ్లోది. అప్పటి లెక్క ప్రకారం ఒక్కో స్థానం కింద దాదాపు 80 వేల జనాభా. మన లెక్కన ఓ పెద్ద మండలమంత. యాన్సీ రిపబ్లికన్, సిట్టింగ్ సభ్యుడు. సైమండ్స్ డెమొక్రాట్, ఊరి స్కూల్ బోర్డు సభ్యురాలు. 2015లో అదే యాన్సీ చేతిలో ఓడిపోయి, రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ గడప గడపకూ తిరిగింది.

2017 నవంబరు 7న పోలింగ్. అప్పటిదాకా సభలో రిపబ్లికన్లు 66, డెమొక్రాట్లు 34. ఒక్క రాత్రిలో డెమొక్రాట్లు పదిహేను స్థానాలు లాక్కున్నారు. 94లో మాత్రం యాన్సీ పది ఓట్ల ఆధిక్యంతో బయటపడ్డాడు. పది ఓట్లంటే ఒక వీధి. సైమండ్స్ రీకౌంటింగ్ కోరింది.

డిసెంబరు 19న బ్యాలెట్ పత్రాలన్నీ మళ్లీ బయటికి తీశారు. గంటల తరబడి లెక్కించాక తేలింది ఇది: సైమండ్స్ 11,608, యాన్సీ 11,607. ఒక్క ఓటు తేడా. ఆ ఒక్క ఓటుతో సభ 50–50 అవుతుంది. అధికార పక్షమంటూ లేని సభలో స్పీకరు ఎవరు, కమిటీలు ఎవరివి అన్న ప్రశ్నలన్నీ పుట్టుకొస్తాయి. పేదలకు వైద్య బీమా ఇచ్చే మెడికెయిడ్‌ను విస్తరించాలా వద్దా అన్న గొడవ ఆ రాష్ట్రంలో అప్పటికి ఏళ్లుగా నలుగుతోంది. నాలుగు లక్షల మంది దాకా ఆ నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నారు. ఆ రాత్రి సైమండ్స్ ఇంట్లో పండగ.

తెల్లారేసరికి కథ తిరగబడింది.

లెక్కింపులో రిపబ్లికన్ల తరఫున కూర్చున్న ఒక అధికారి ముందురోజు పక్కన పెట్టేసిన ఒక బ్యాలెట్ గురించి కోర్టుకు లేఖ రాశాడు. అక్కడి బ్యాలెట్ మన పోటీ పరీక్షల ఓఎంఆర్ షీటు లాంటిది. నచ్చిన పేరు పక్కన గుండ్రటి గడిని నల్లగా నింపాలి. ఈ పత్రంలో యాన్సీ గడీ నింపి ఉంది, సైమండ్స్ గడీ నింపి ఉంది. సైమండ్స్ గడి మీద మాత్రం ఒక అడ్డగీత. కొట్టేసినట్టా? పెన్ను జారిందా? పైన గవర్నరు పోటీలో రిపబ్లికన్ అభ్యర్థి గిలెస్పీ గడి నింపి, దాని మీదా ఇంటూ గుర్తు వేసి ఉంది. గీత పెట్టడమంటే కొట్టేయడమే అయితే గిలెస్పీని కూడా కొట్టేసినట్టే కదా అని సైమండ్స్ వైపువాళ్ల వాదన. మిగతా గుర్తులన్నీ రిపబ్లికన్లకే ఉన్నాయి, ఈ ఓటరు మనసు యాన్సీ వైపే అని అవతలివాళ్ల వాదన.

ముగ్గురు న్యాయమూర్తులు ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఓటు వేసింది ఎవరో తెలియదు, తెలుసుకోకూడదు కూడా. పిలిచి అడిగే వీల్లేదు. ఎవరిదో తెలియని ఒక చేతి గీత చూసి ఆ మనసులో ఏముందో చెప్పాలి. చివరికి ఆ ఓటు యాన్సీదే అన్నారు. 11,608, 11,608. సమానం.

ఓట్లు సమానమైతే చీటీ తీయాలన్నది వర్జీనియా చట్టం. మనకిది వింత కాదు. సర్పంచ్ ఎన్నికల్లో, వార్డు సభ్యుల ఎన్నికల్లో ఇద్దరికీ సమానంగా ఓట్లు వచ్చి లాటరీ తీసిన వార్తలు ప్రతిసారీ చదువుతూనే ఉంటాం. మన 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 65వ సెక్షన్ అసెంబ్లీకీ పార్లమెంటుకూ అదే చెబుతుంది. డిసెంబరు 27న తీయాల్సిన చీటీ సైమండ్స్ మళ్లీ కోర్టు తలుపు తట్టడంతో వాయిదా పడింది. కోర్టు తీర్పు మార్చలేదు. అలా వచ్చింది జనవరి 4.

ఆల్కార్న్ డబ్బీ తీశాడు. మూత విప్పాడు. కాగితం మడత విప్పి చదివాడు.

డేవిడ్ యాన్సీ.

సభ 51–49 అయింది. వారం తిరక్కుండా, సమావేశాలు మొదలైన జనవరి 10న, సైమండ్స్ ఓటమి ఒప్పుకుంది. ప్రపంచమంతా ఆ గిన్నె ఫొటో చూసి, ఒక్క ఓటు విలువ ఇదీ అని చెప్పుకుంది. రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో 2008లో సీపీ జోషీ ఒక్క ఓటుతో ఓడిపోయినప్పుడు మనమూ అలాగే చెప్పుకున్నాం.

కానీ నా దృష్టిలో అసలు కథ ఆ గిన్నెలో లేదు. అది నాలుగు నెలల తర్వాత బయటపడింది.

2018 మే నెలలో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఓటర్ల జాబితాను నియోజకవర్గం పటంతో పోల్చి చూసింది. 94లో నివసిస్తున్న 26 మంది ఆ ఎన్నికలో పక్క నియోజకవర్గం బ్యాలెట్ మీద ఓటు వేశారు. ఎవరో ఎక్కడో వాళ్ల చిరునామాలకు తప్పు నియోజకవర్గం తగిలించారు. అది నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే, డెమొక్రాట్లకు గట్టిగా ఓటు వేసే పోలింగ్ ప్రాంతం.

ఆ 26 మంది చేసిన తప్పేమీ లేదు. పని మానుకునో, పని ముగించుకునో వెళ్లి వరుసలో నిలబడ్డారు. చేతికిచ్చిన కాగితం మీద గడి నింపి ఇంటికి వెళ్లారు. వాళ్ల ఓట్లు ఎవరికి ఎన్ని పడేవో ప్రమాణం చేసి చెప్పగలవాళ్లు లేరు. అయితే 26 ఓట్లు పడి కూడా ఫలితం అలాగే సమానంగా నిలవాలంటే అవి పదమూడూ పదమూడుగా చీలాలి. న్యాయమూర్తులు ఒక గీత గురించి గంటల తరబడి తర్జనభర్జన పడ్డారు. ఈ 26 మంది గురించి వాదించడానికి ఎవరూ లేరు, ఎందుకంటే వాళ్లు పోగొట్టుకున్న సంగతి వాళ్లకే తెలియదు. చీటీలో ఓడినవాళ్లకు కనీసం ఓడిన సంగతి తెలుస్తుంది. దానికన్నా ఇది ఘోరమని నేనంటాను.

ఇదొక్కచోటి పొరపాటు కూడా కాదు. అదే ఎన్నికలో ఫ్రెడెరిక్స్‌బర్గ్ వైపున్న 28వ స్థానంలో కనీసం 147 మందికి వేరే నియోజకవర్గం బ్యాలెట్లు ఇచ్చారని తేలింది. అక్కడ రిపబ్లికన్ గెలిచింది 73 ఓట్ల తేడాతో. మళ్లీ ఎన్నిక పెట్టమంటే ఫెడరల్ కోర్టు ఒప్పుకోలేదు.

అసలు గీతలే వంకరగా ఉన్నాయని ఇంకో కోర్టు తేల్చింది. 2018 జూన్‌లో ఫెడరల్ న్యాయమూర్తుల ధర్మాసనం వర్జీనియా పటంలో 11 నియోజకవర్గాలను జాతి ఆధారంగా గీశారని, నల్లజాతి ఓటర్లను కొన్ని స్థానాల్లోకి కుక్కారని తీర్పునిచ్చింది. వాటిని సరిచేసినప్పుడు పక్కనున్న 94 హద్దులూ మారాయి. 2019 నవంబరు 5న సైమండ్స్, యాన్సీ మళ్లీ తలపడ్డారు. ఈసారి గిన్నె అక్కర్లేకపోయింది. సైమండ్స్‌కు 57 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. 28వ స్థానంలో 2017లో ఓడిన జాషువా కోల్ కూడా గెలిచాడు. ఆ రాత్రే హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ రిచ్‌మండ్ శివార్ల నుంచి రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికైంది. దిగువ సభ 55–45తో డెమొక్రాట్ల చేతికి మారింది.

నియోజకవర్గాల హద్దులు మన దగ్గరా మారతాయి. గ్రామాలు మున్సిపాలిటీల్లో కలుస్తాయి, వార్డులు చీలుతాయి, ఇంటి నంబర్లు మారతాయి, అద్దె ఇళ్లు మారతాం. పోలింగ్ రోజు ఉదయం కార్డు పట్టుకుని వెళ్లాక పేరు లేదని తెలిస్తే అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు మీ బూత్ లెవల్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ప్రతి ఒక్కరి పేరూ, ఇంటి నంబరూ, పోలింగ్ కేంద్రం నంబరూ, మీది ఏ వార్డో, ఏ నియోజకవర్గమో వేలు పెట్టి చూసుకోండి. తప్పుంటే ఫారం 8, పేరే లేకపోతే ఫారం 6 అక్కడే నింపి ఇవ్వండి. చదవడం రాని పక్కింటి పెద్దావిడ పేరు కూడా చూసి పెట్టండి.