ఊరి ఎత్తుకు హద్దు: గంటస్తంభం నుంచి అరసవల్లి దాకా

సిరిమానోత్సవం నాడు విజయనగరంలో మెయిన్ రోడ్డు మీద మేడ ఉన్నవాళ్లకు చుట్టాలు ఎక్కువ. మూడు లాంతర్ల దగ్గరి పైడితల్లి చదురుగుడి నుంచి కోట దాకా ఏ డాబా చూసినా జనమే. యాభై అరవై అడుగుల చింతమాను కొసన కూర్చున్న పూజారి సాగిపోతుంటే, పిట్టగోడ మీద చేతులాన్చిన ముసలమ్మలు అక్కడి నుంచే దండం పెడతారు. మాను మూడుసార్లు కోటకు వెళ్లొచ్చేదాకా ఆ దారిలో కరెంటు ఆపేస్తారు. ఈ ఊరి నడిబొడ్డుకు ఎవరూ కాగితం మీద రాయని కొలబద్ద ఆ మాను అనిపిస్తుంది నాకు.

1713లో కోటకు పునాది వేసిన నాటికి ఎత్తు మీద హద్దు పెట్టే చట్టం అక్కర్లేదు. మట్టిగోడ ఎంత మోస్తే అంతే ఇల్లు. ఉత్తరాంధ్ర పల్లెల్లో తాటికమ్మలు కప్పిన చుట్టిళ్లు తుఫాను గాలికి తలొంచి బతికాయి. కలిగినవాళ్లవి పెంకుటిళ్లు, మండువా లోగిళ్లు. వీటన్నిటికీ పైన కనిపించేవి గుడి గోపురం, మసీదు మినారు, రాజుగారి మహలు. 1885లో వాటి పక్కన గంటస్తంభం లేచింది. ఎనిమిది ముఖాలు, 68 అడుగుల ఎత్తు. గడియారం లేని ఇంటికీ టైము తెలియాలంటే అది ఊళ్లో అందరికీ కనబడాలి. దాని ఎత్తుకు అర్థం అదే.

శ్రీకాకుళానికి మునిసిపాలిటీ 1856లోనే వచ్చింది, విజయనగరానికి 1888లో. అప్పట్లో రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవి. 1920లో ఆ ప్రెసిడెన్సీ జిల్లా మునిసిపాలిటీల చట్టాన్నీ, పట్టణ ప్రణాళిక చట్టాన్నీ తెచ్చింది. ఇంటికి గాలీ వెలుతురూ ఆడాలి, వీధి ఇరుకు కాకూడదు అన్నది వాటి వెనకున్న ఆలోచన. ఎత్తును రోడ్డు వెడల్పుతో ముడిపెట్టడం అంతకుముందే అమెరికా రాజధానిలో ఉంది. 1910 నాటి వాషింగ్టన్ చట్టం ప్రకారం ముందున్న వీధి ఎంత వెడల్పో దానికి ఇరవై అడుగులు కలిపితే అంతవరకే కట్టుకోవచ్చు. ఏ వీధికీ 130 అడుగులు దాటకూడదు, ఒక రాచవీధికి తప్ప.

మన దగ్గర ఆ లెక్క గట్టిగా దిగింది చాలా ఆలస్యంగా. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా కేంద్రమైంది. ఆఫీసులు, వాటి వెంట దుకాణాలు, అద్దె ఇళ్లు వచ్చాయి. పెంకులు దిగి శ్లాబులు పడ్డాయి. 2006లో హైదరాబాదుకు ఇచ్చిన 86వ నంబరు జీవో అంతస్తుల విస్తీర్ణం మీది పాత లెక్కను తీసేసి, రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం అనే రెండిటికే ఎత్తును కట్టేసింది. 2012లో 168వ నంబరు జీవోగా వచ్చిన నిబంధనలు ఆ పద్ధతినే కొనసాగించాయి. 2017లో నవ్యాంధ్రకు 119వ నంబరు జీవోగా కొత్త నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం 18 మీటర్లు చేరితే ఎత్తైన కట్టడం కింద లెక్క. అలాంటిదానికి ముందు కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాలి, చుట్టూ కనీసం 7 మీటర్లు వదలాలి, అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి.

గంటస్తంభం 68 అడుగులంటే 20 మీటర్లకు కాస్త పైన. 18 మీటర్లకు అడుగు తక్కువగా కట్టినా పైన నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది కలిస్తే స్తంభం పక్క మేడల్లో మునిగిపోతుంది. పైగా ప్లానులో ఒకటి, కట్టింది ఇంకొకటి. 2007 చివర, 2015లో, 2019లో జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే పథకాలు వచ్చాయి. అప్పు చేసి ఇల్లు కట్టుకున్నవాడి మీద నాకు జాలే ఉంది. అయినా డబ్బు కడితే మాసిపోయే హద్దును ఎవరూ హద్దు అనుకోరు. ప్లాను ప్రకారం కట్టి ఒక అంతస్తు వదులుకున్నవాడికి ఆ పథకాలు అన్యాయం చేశాయి.

ఇక శ్రీకాకుళం. అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాలను ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ పొద్దుటి కిరణాలు తాకుతాయి. మబ్బు లేకపోతేనే. చీకటితోనే వచ్చి నిలబడ్డ జనం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతారు. వెలుగు అనివెట్టి మండపం మీదుగా, ధ్వజస్తంభం పక్కగా గర్భగుడిలోకి పాకి, నల్లరాతి పాదాల మీద కొద్ది నిమిషాలు నిలుస్తుంది.

2012 నిబంధనల్లో ఆలయాలకు ఒక రక్షణ పెట్టారు. జాబితాలో చేర్చిన గుడికి 100 మీటర్ల లోపల 10 మీటర్ల ఎత్తే కట్టాలన్నారు, అక్కడి నుంచి 300 మీటర్ల దాకా 18 మీటర్లు చేరకూడదన్నారు. మంచిదే. కానీ అది గుడి చుట్టూ గీసిన వృత్తం. కిరణం వచ్చేది తూర్పు నుంచి, కాస్త దక్షిణంగా, ఒక్క గీతలా. సూర్యుడు మూడు డిగ్రీలు పైకి వచ్చిన వేళ అనుకుందాం. ఆ గీత ప్రతి 19 మీటర్లకు ఒక మీటరు చొప్పున పైకి లేస్తుంది. అంటే సమతల నేల మీద 200 మీటర్ల దూరంలో పదిన్నర మీటర్లు, 300 మీటర్ల దూరంలో సుమారు 16 మీటర్ల మేడ చాలు, పాదాల మీద నీడ పడడానికి. ఆ మేడకు పై నిబంధన అడ్డు చెప్పదు.

గాలిలో ఏటవాలు గీతను కాపాడడం మన ప్రభుత్వాలకు కొత్తేమీ కాదు. భోగాపురం లాంటి విమానాశ్రయం చుట్టూ విమానం దిగే దారికి అడ్డురాకుండా ఎక్కడ ఎంత ఎత్తు కట్టవచ్చో మెట్టు మెట్టుగా లెక్కగడతారు. దానికి 2015 నాటి కేంద్ర నిబంధనలున్నాయి. రన్‌వేకు చేసే ఆ సర్వే అరసవల్లి గర్భగుడి నుంచి తూర్పుకు చేయడానికి ఒక థియొడొలైటు, నాలుగు తెల్లవారుజాములు సరిపోతాయి. శ్రీకాకుళం నగరపాలక సంస్థ ఆ గీతను మాస్టర్ ప్లానులో ఎక్కించాలి. దాని కిందికి వచ్చే ప్రతి స్థలం యజమానికీ ఎంత ఎత్తు దాకా కట్టుకోవచ్చో ముందే రాసివ్వాలి, కోల్పోయే అంతస్తుకు ఇంకోచోట హక్కు ఇవ్వాలి. తూర్పున ఖాళీ స్థలాలు ఇంకా మిగిలి ఉండగానే ఈ పని జరగాలి.