మౌఖిక చరిత్ర సేకరణ: మైకు ఏ దిక్కు వింటుంది?

తెలంగాణ సాయుధ పోరాటం గురించి దస్తావేజులు చెప్పేది కొంతే. స్త్రీశక్తి సంఘటన ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటలను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చాక, మల్లు స్వరాజ్యం వంటివారి అనుభవాలు వారి మాటల్లోనే పాఠకులకు అందాయి. ఇలాంటి సేకరణకు వెళ్ళే విద్యార్థి ప్రశ్నలు సిద్ధం చేసుకుంటాడు గాని, తన మైకు ఏ దిక్కు వింటుందో చూసుకోడు. ఒకప్పుడు నేనూ చూసుకోలేదు.

1980లలో సూర్యాపేట దగ్గరి ఒక పల్లెలో ఒక అవ్వ సంఘం రోజుల గురించి చెబుతుంటే క్యాసెట్టులో రికార్డు చేశాను. నా చేతిలో ఉన్నది కార్డియాయిడ్ మైకు. ఏ దిక్కు నుంచి ఎంత శబ్దం తీసుకుంటుందో గీసి చూపే పటాన్ని పోలార్ ప్యాటర్న్ అంటారు. కార్డియాయిడ్‌కు అది హృదయాకారంలో ఉంటుంది. ఎదుటి శబ్దాన్ని పూర్తిగా తీసుకుంటుంది, పక్కనుంచి వచ్చేదాన్ని 6 డెసిబెల్స్ తగ్గిస్తుంది, వెనుకనుంచి వచ్చేదాన్ని దాదాపు వదిలేస్తుంది. నా వెనుక మరో నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. “గట్ల కాదే, అది బతుకమ్మ పండుగకు ముందు” అని ఒకామె, “వడ్లు పంచింది మీ వాకిట్ల కాదు” అని ఇంకొకామె సరిదిద్దుతూనే ఉన్నారు. ఇంటికొచ్చి వింటే అవ్వ గొంతు ఖంగుమంటోంది. ఆ దిద్దుబాట్లు మాత్రం గొణుగుడుగా మిగిలాయి. చరిత్రకారుడికి అన్నిటికన్నా అవసరమైన ఆ అభ్యంతరాలే టేపులో లేవు.

అక్కడ కావలసింది అన్ని దిక్కులా సమానంగా వినే ఓమ్నీ మైకు. అది బోరు మోటారును, కోళ్ళను కూడా వింటుంది, నిజమే. అందుకే దాన్ని మాట్లాడేవారి మధ్యకు జరపాలి. ఆరుబయట దూరం సగానికి తగ్గితే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, మోటారు మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది. పైగా కార్డియాయిడ్‌ను నోటికి మరీ దగ్గర పెడితే గొంతు బొంగురుగా, బరువుగా వస్తుంది. ఓమ్నీకి ఆ దోషం లేదు.

1930లలో అమెరికా రేడియో కేంద్రాలు వాడిన ఆర్‌సీఏ 44 మైకుది ఎనిమిది అంకె ఆకారం. ముందు, వెనుక సమానంగా వింటుంది, రెండు పక్కలా చెవిటిది. ఆ చెవుడే ఒక్కోసారి పనికొస్తుంది. దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెరనే తీసుకోండి. సొరకాయ బుర్రల మోత కింద పండుగ సాయన్న కథలోని మాటలు మునిగిపోవచ్చు. ఇలాంటి మైకు ముఖాన్ని బుర్రల వైపు, చెవిటి పక్కను కళాకారుడి నోటి వైపు తిప్పి, గొంతుకు మరో మైకు పెడితే రెండూ చాలావరకు వేరుగా అందుతాయి. మాటలు రాసుకోవడానికి ఇది మేలు. వినడానికైతే రెండూ కలిసి వచ్చిన రికార్డింగే నాకిష్టం.

మీ అభ్యాసానికి ఫోను చాలు. ఊరు, తేదీ, చెప్పినవారి పేరుతోపాటు ఫోను ఎక్కడ పెట్టారో, ఎవరు ఎటు కూర్చున్నారో ఒక చిన్న బొమ్మ గీసి జతచేయండి.