కపాలములోని కంతి



తలలో గడ్డ యని వైద్యుడు చెప్పినంతనే ఇంటివారు రోగిపై ఆశ వదలుకొనుటను మా బుచ్చిరెడ్డిపాలెమున నేను పలుమారులు చూచితిని. కాని తలలోని కంతులన్నియు నొక్క జాతివి కావు. మెదడును గప్పియుండు పొరనుండి పుట్టు కంతి యొకటి కలదు. అది మెల్లగా పెరుగుచు మెదడును నొక్కును. అట్టి కంతులలో పదింట ఎనిమిది సౌమ్యమైనవే. దాని చరిత్రమును నేడు మనవి చేసెదను.

సుశ్రుతుడు అర్బుదమును వర్ణించుచు, అది గుండ్రనిది, కదలనిది, లోతైన మూలము గలది, చీము పట్టనిది యనెను. రవ్వంత శేషము మిగిలినను మరల పుట్టును గాన నిశ్శేషముగా తీయవలెనని హెచ్చరించెను. అతడు మెదడు కంతిని గూర్చి చెప్పలేదు. భోజప్రబంధమున రాజు కపాలమును తెరచిన వృత్తాంతము కలదు గాని, అది కథయే. దానిని చూపి మనవారికి సర్వమును తెలియునని గొప్పలు చెప్పుకొనుట నా కిష్టము లేదు. శేషమును గూర్చిన ఆ హెచ్చరికను మాత్రము జ్ఞాపకముంచుకొనుడు.

1879లో గ్లాస్గో నగరమున విలియం మెకీవెన్ అను శస్త్రవైద్యుడు 14 ఏండ్ల బాలిక కపాలమును తెరచి, పొర నంటియున్న కంతిని తీసివేసెను. ఎక్స్-కిరణములు 1895 వరకు తెలియవు. దేహమున ఈడ్పులు వచ్చు తీరును గమనించియే అతడు కంతి చోటు నిర్ణయించెను. బాలిక మరి 8 ఏండ్లు జీవించి, మూత్రపిండముల వ్యాధిచే మరణించెను. కంతి మరల రాలేదు.

ఈ కంతికి మెనింజియోమా యని 1922లో పేరిడినవాడు అమెరికా వైద్యుడు హార్వీ కుషింగు. 1910లో అతడు లెనర్డ్ వుడ్ అను సేనాని తలలోని కంతిని తీసెను. వుడ్ కోలుకొని ఆ యేటనే సైన్యాధిపతియై, 1921లో ఫిలిప్పీను దీవులకు గవర్నరు జనరలాయెను. కంతి లోలోపల మరల పెరిగెను. 1927లో తిరిగి శస్త్రము చేయగా ఆయన బ్రదుకలేదు.

1957లో డొనాల్డ్ సింప్సన్ శస్త్రక్రియను ఐదు తరగతులు చేసెను. కంతితో కూడ అది యంటిన పొరను, చెడిన ఎముకను తీసినచో మొదటిది. కంతి కొంత మిగిలినచో నాలుగవది. మొదటిదానిలో నూటికి 9 మందికి, నాలుగవదానిలో 44 మందికి కంతి మరల వచ్చెను. సుశ్రుతుని మాటకు ఇది లెక్క. కంతి స్వభావమునకు వేరుగా మూడు తరగతులు కలవు. వానిని సూక్ష్మదర్శినిలో చూచి నిర్ణయింతురు. రోగి బంధువులు ఈ రెంటిని కలగాపులగము చేసి భయపడుచుందురు. రెండు లెక్కలలోను మొదటి తరగతియే మేలైనది. మా బడి తరగతులకు విరుద్ధము!

మన దేశమున మెదడు శస్త్రవైద్యమునకు తొలి శాఖను 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జేకబ్ చాండీ స్థాపించెను. 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తి ఈ పనికి పూనుకొనెను. నెల్లూరు సీమవారికి రెండును దూరము కావు.

అయితే నిశ్శేషముగా తీయుట అన్నివేళల మేలు కాదు. కంతి కంటి నరమునో పెద్ద సిరనో చుట్టుకొన్నచో, అంతయు తీయబోయి చూపు పోగొట్టుట కంటె కొంత విడిచి, దానికి కిరణచికిత్స చేయుట మంచిది. చిన్నదై బాధపెట్టని కంతిని కోయకయే ఏటేట స్కానింగుతో చూచుచుందురు. అంతయు తీసినవారికిని ఈ పరీక్ష తప్పదు. ఒంట్లో కులాసాగా నున్నదని మానరాదు. వుడ్ కంతి 17 ఏండ్లకు గదా ప్రాణము తీసినది.