మంచుయుగంలో పోయిన చెట్టు, 61 ఏళ్లు ఎవరికీ తెలీలేదు!

మంచుయుగం అనగానే అందరికీ మ్యామత్ గుర్తొస్తుంది. అప్పుడు పోయిన చెట్టు గురించి ఎవరూ అడగరు. ఈరోజు దాని గురించే.

అమెరికాలో మిసిసిపి నది దిగువన, లూసియానాలో ట్యూనికా హిల్స్ అని ఉంది. ఇప్పుడక్కడ ఎండాకాలం మన కోస్తాలాగే ఉక్కపోత. కానీ అక్కడి పాత మట్టిలో స్ప్రూస్ కాయలు దొరికాయి. అంటే క్రిస్మస్ చెట్టులా ఉండే చలిదేశపు చెట్టు. 1938లో క్లెయిర్ బ్రౌన్ వీటిని వైట్ స్ప్రూస్ అని రాశారు. అది కెనడాలో ఇప్పటికీ బోలెడంత ఉంది. సో, చలి తగ్గాక చెట్టు ఉత్తరానికి జరిగిందన్నమాట. కథ కుదిరిపోయింది.

1999లో స్టీఫెన్ జాక్సన్, చెంగ్యూ వెంగ్ ఆ కాయల్నీ, సూదుల్లాంటి ఆకుల్నీ మళ్లీ పరీక్షించారు. కాయలు బాగా పెద్దవి. బతికున్న ఏ స్ప్రూస్‌తోనూ మ్యాచ్ కాలేదు! పైసియా క్రిచ్‌ఫీల్డీ అని కొత్త పేరు పెట్టారు.

పుప్పొడి చూస్తే స్ప్రూస్ అని తెలుస్తుంది, ఏ రకమో తేల్చడం కష్టం. నా పాత జాబ్‌లో లాగ్ ఫైల్‌లో ఉత్త 'ఎర్రర్' అని కనిపించేది చూడండి, అలా.

పోనీ ఇదేమైనా అరుదైన చెట్టా? కాదు. మంచు బాగా పేరుకున్న రోజుల్లో దిగువ మిసిసిపి ప్రాంతంలో విస్తారంగా ఉండేది. సుమారు 15,000 ఏళ్ల క్రితం వాతావరణం వేగంగా వేడెక్కినప్పుడు కనుమరుగైంది. నన్ను కుదిపేసింది ఇంకోటి. పోయిన చెట్టు, బతికున్న చెట్టు పేరు మీద నడిచిపోయింది. అందుకే మంచుయుగం చివర్లో చెట్లన్నీ తప్పించుకున్నాయని ఎవరైనా అంటే, ముందు కాయలు చూపించమంటాను.