ముసలి ఇంజిన్‌కు మరమ్మతా.. కొత్త రైలా? రైల్వే లెక్క ఇదీ!

రఘునాథపల్లి: జనగామ, ఘన్‌పూర్ మధ్య ఉన్న రఘునాథపల్లి లాంటి చిన్న స్టేషన్ల నుంచి రోజూ కాజీపేట, సికింద్రాబాద్ వెళ్లొచ్చేవారికి ప్యాసింజర్ రైళ్లే దిక్కు. మరి వాటిని లాగే ఇంజిన్ పాతబడితే ఏం చేస్తారు?

* ఆయుష్షు ఎంత?: ఎలక్ట్రిక్ ఇంజిన్‌కు సుమారు 35 ఏళ్లు. రోజువారీ నిర్వహణ లాలాగూడ, కాజీపేట లాంటి లోకో షెడ్లలో జరుగుతుంది. 18 ఏళ్లు దాటాక వర్క్‌షాప్‌లో పెద్ద మరమ్మతు చేస్తారు. అరిగిన వైరింగ్, పాత పరికరాలు మార్చేస్తారు.

* డీజిల్‌కు కొత్త జన్మ: వారణాసిలో 2 పాత డీజిల్ ఇంజిన్లను 10 వేల హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ జంట ఇంజిన్‌గా మార్చారు. 2019 ఫిబ్రవరి 19న ప్రధాని మోదీ జెండా ఊపారు.

* మెము ఎందుకు?: మరమ్మతుతో ఇంజిన్ వయసు పెరుగుతుంది కానీ, ప్రతి స్టేషన్‌లో ఆగి మళ్లీ వేగం అందుకోవడంలో పెద్దగా తేడా రాదు. మెములో మోటార్లు కోచ్‌ల కిందే ఉంటాయి. వెంటనే స్పీడ్ అందుకుంటుంది. చివరి స్టేషన్‌లో ఇంజిన్ తిప్పే పని కూడా ఉండదు.

* కాజీపేట పాత్ర: ఇక్కడి రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులై 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. మొదట వ్యాగన్ల కోసమే అనుకున్నా, తర్వాత కోచ్‌ల తయారీని కూడా చేర్చారు.

అంటే గూడ్స్ లాగే ఇంజిన్‌కు మరమ్మతు లాభమే. ఊరూరా ఆగే ప్యాసింజర్‌కు మాత్రం మెమునే మేలు.