హెల్ప్ టు బై ఈక్విటీ రుణం (ఇంగ్లండ్)

ఇల్లు కొనేవారికి తొలి చెల్లింపు భారం తగ్గించేందుకు ఇంగ్లండ్‌లో 2013 నుంచి 2023 మార్చి వరకు అమలైన ప్రభుత్వ పథకం. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత బ్యాంకులు పెద్ద డిపాజిట్లు అడగసాగాయి. నెలవాయిదా కట్టే స్తోమత ఉన్నా, ఆ మొత్తం కూడబెట్టలేక చాలామంది అద్దె ఇళ్లలోనే ఉండిపోయారు.

కొత్తగా కట్టిన ఇళ్లకే ఇది వర్తించేది. కొనుగోలుదారు ఇంటి ధరలో కనీసం 5 శాతం పెట్టాల్సి ఉండేది. ప్రభుత్వం 20 శాతం వరకు, లండన్‌లో 2016 నుంచి 40 శాతం వరకు అప్పిచ్చేది. 2 లక్షల పౌండ్ల ఇంటికి సొంత సొమ్ము 10 వేలు, ప్రభుత్వ రుణం 40 వేలు, బ్యాంకు రుణం లక్షా 50 వేలు. ప్రభుత్వ రుణంపై మొదటి ఐదేళ్లు వడ్డీ లేదు. ఆరో ఏడు 1.75 శాతంతో మొదలవుతుంది.

మెలికంతా తీర్చేటప్పుడే. ప్రభుత్వానికి దక్కేది అప్పటి మార్కెట్ విలువలో, తాను అప్పిచ్చినంత శాతం. పై ఇంటి ధర రెండున్నర లక్షలకు చేరితే 40 వేల అప్పుకు 50 వేలు కట్టాలి. ధర పడిపోతే నష్టంలోనూ ప్రభుత్వానికి వాటా ఉంటుంది.

విమర్శలూ వచ్చాయి. లబ్ధిదారుల్లో సుమారు ఐదింట మూడు వంతుల మంది ఈ సాయం లేకున్నా ఇల్లు కొనగలిగేవారేనని నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2019లో తేల్చింది. 2021 ఏప్రిల్ నుంచి తొలిసారి కొనేవారికే, ప్రాంతాలవారీ ధర పరిమితులతో దీన్ని కుదించారు.